దేవుని ఇంట ఎవరి చోటు ఎక్కడ?

మూడేళ్ళ క్రితం మా విభాగంలోని ఒక సహోద్యోగి కుమార్తె వివాహానికి కృష్ణా జిల్లాలోని ఒక చిన్న గ్రామానికి వెళ్ళవలసి వచ్చింది. వివాహం ఊరి చర్చిలో. పెంకుటింటిని పోలిన ఆ మందిరం గడప బయట చెప్పులు విడిచి లోపలికి అడుగుపెడితే నేలంతా చాపలు, వాటిపై జంపఖానాలు పరచి ఉన్నాయి. ఒక పక్క స్త్రీలు, మరొక పక్క పురుషులు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. వేదికకు ఎదురుగా మాత్రం అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఎనిమిదో తొమ్మిదో వేసి ఉన్నాయి. అవి ఆఫీసువారి కోసమట. మమ్మల్ని మర్యాదగా తీసుకువెళ్ళి వాటిలో కూర్చోబెట్టారు.

నా కుర్చీ కాళ్ళ దగ్గరే, చాప మీద, పెళ్ళికూతురి నాయనమ్మ కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి. నేను లేచి, "మీరు ఇక్కడ కూర్చోండమ్మా" అన్నాను. ఆమె నవ్వి, "కూర్చోండి బాబూ, మీరు మా ఇంటికి వచ్చినవాళ్ళు. నాకు చాపే అలవాటు" అన్నది. కూర్చున్నాను. కానీ ఆ పూట జరిగిన ప్రార్థనలలో ఏ ఒక్కటీ నా మనసుకు ఎక్కలేదు.

భోజనాలయ్యాక ఈ మాట మా సహోద్యోగితో అంటే, ఆయన ఇంట్లోకి వెళ్ళి బైబిలు తెచ్చి యాకోబు పత్రికలో రెండవ అధ్యాయం తీసి చూపించారు. బంగారు ఉంగరం పెట్టుకున్న ధనవంతుడు, మాసిన బట్టల పేదవాడు ఒకే సమయంలో సమాజ మందిరానికి వస్తే, మొదటివానికి మంచి చోటు చూపి, రెండవవానిని నిలబడమనో, పాదాల దగ్గర కూర్చోమనో చెప్పడం తగదని అందులో ఉంది. "ఇది రాసి పంతొమ్మిది వందల ఏళ్ళు దాటింది. అప్పటికే ఈ గొడవ ఉందన్నమాట" అన్నారాయన. ఆనాటి నుంచి తీరిక దొరికినప్పుడల్లా చర్చిలలో కూర్చునే ఏర్పాట్ల గురించి చదువుతూ వచ్చాను. కార్యాలయాలలో కుర్చీ విలువ తెలిసినవాళ్ళం కనుక మన పాఠకులకు కూడా ఈ చరిత్ర ఆసక్తి కలిగిస్తుందని నమ్ముతున్నాను.

తొలి క్రైస్తవులకు ప్రత్యేకంగా దేవాలయాలు లేవు. ఎవరో ఒక విశ్వాసి ఇంట్లో కూడేవారు. అపొస్తలుల కార్యములలో ఒక చిత్రమైన సంఘటన ఉంది. త్రోయ అనే ఊరిలో మూడవ అంతస్తు గదిలో పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగిస్తూ ఉండగా, కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రపట్టి కింద పడ్డాడు. చనిపోయాడని అందరూ భయపడ్డారు కానీ బతికే ఉన్నాడు. గదిలో చోటు చాలక కిటికీ ఎక్కాడో, గాలి కోసం ఎక్కాడో గ్రంథంలో లేదు. దీర్ఘ ప్రసంగాలకూ నిద్రకూ గల అనుబంధం మాత్రం అంత పాతదని తెలుస్తున్నది.

అలాంటి ఇంటి చర్చి ఒకటి సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దురా యూరోపస్ అనే ప్రాచీన నగరంలో 1930 దశకం తొలి ఏళ్ళలో తవ్వకాలలో బయటపడింది. క్రీ.శ. 240 ప్రాంతంలో ఒక మామూలు గృహంలో రెండు గదుల మధ్య గోడ తీసివేసి ప్రార్థన గదిగా మార్చుకున్నారు. తూర్పు చివర చిన్న అరుగు, మిగిలినదంతా ఖాళీ నేల. అరవై డెబ్బై మంది పట్టే చోటు. మన పల్లెటూరి చర్చి ఏర్పాటుకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

క్రీ.శ. 313లో రోమను చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రైస్తవానికి స్వేచ్ఛ ఇచ్చిన తరువాత పెద్ద పెద్ద ఆలయాలు లేచాయి. వాటికి నమూనాగా తీసుకున్నది దేవతల గుళ్ళను కాదు, న్యాయస్థానాలకూ వర్తక వ్యవహారాలకూ ఉపయోగపడిన బసిలికా అనే రోమను సభాభవనాన్ని. రోమను న్యాయాధికారి ఆసీనుడయ్యే అర్ధచంద్రాకారపు చివరి భాగంలో ఇప్పుడు బిషప్పు ఆసనం వెలసింది. ఆయనకు అటూ ఇటూ, గోడ వెంట వలయంగా ఇతర గురువులకు రాతి మెట్లు. ఇస్తాంబుల్‌లోని హగియా ఐరీన్ ఆలయంలో ఆ మెట్ల వరుసలు నేటికీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. బిషప్పు ఆసనాన్ని గ్రీకులో కథెడ్రా అన్నారు. ఆ ఆసనం ఉన్న చర్చియే కథెడ్రల్. ఇది మనకు వింతగా తోచనక్కరలేదు. మన భాషలో పీఠం అంటే కూర్చునే పీటా అవుతుంది, మఠమూ అవుతుంది. తెలుగు కథోలికులు బిషప్పును పీఠాధిపతి అనీ, ఆయన పాలనలోని ప్రాంతాన్ని మేత్రాసనం అనీ వ్యవహరిస్తారు. ఒక జిల్లా అంత ప్రదేశానికి ఒక ఆసనం పేరు పెట్టడం కుర్చీకి ఉన్న మహిమను చాటడం కాదా!

మరి సామాన్య జనం? నిలుచున్నారు. ఒకటి రెండు ఏళ్ళు కాదు, సుమారు వెయ్యేళ్ళు. నిలబడడం వారికి శిక్ష కాదు, గౌరవం. క్రీ.శ. 325లో జరిగిన నైసియా మహాసభ తన ఇరవయ్యో నిబంధనలో ఆదివారాలలో మోకరించరాదని, నిలబడియే ప్రార్థించాలని విధించింది. పునరుత్థానపు దినం కనుక తల ఎత్తి నిలబడాలని వారి భావం. రష్యా, గ్రీసు మొదలైన దేశాల ఆర్థడాక్స్ సంప్రదాయంలో ఈ అలవాటు పూర్తిగా పోలేదు. వృద్ధుల కోసం గోడల పక్కన కొన్ని ఆసనాలుంటాయి, మిగిలినవారు నిలబడే ఉంటారు. పశ్చిమ ఐరోపాలో కూడా గోడల వెంట రాతి అరుగులు కట్టేవారు. అవీ ముసలివారికే, రోగులకే.

నిలబడలేని వారిమీద జాలి చూపిన ఒక చిన్న చెక్క ముక్క కథ నాకు ఈ చరిత్ర అంతటిలోనూ మిక్కిలి నచ్చింది. మధ్యయుగపు మఠాలలో సన్యాసులు పగలూ రాత్రీ కలిపి ఎన్నోసార్లు కూడి కీర్తనలు పాడేవారు. అందులో అధిక భాగం నిలబడి పాడవలసినదే. ముసలి సన్యాసుల కాళ్ళు ఎంతసేపని ఓర్చుకుంటాయి? పాటకుల వరుసలోని ఆసనాలకు బందులు పెట్టి, పలకను పైకి ఎత్తే వీలు కల్పించారు. అలా ఎత్తిన పలక అడుగున జానెడు వెడల్పు కూడా లేని ఒక అంచు బయటికి వస్తుంది. సన్యాసి దానిమీద నడుము కింది భాగం ఆనించుకుంటాడు. చూసేవారికి నిలబడినట్టే, అతనికి కూర్చున్నట్టే. నియమమూ చెడలేదు, మోకాళ్ళూ బతికాయి. దాని పేరు మిజరికార్డ్. లాటిన్‌లో కరుణ అని అర్థం.

మడిచినప్పుడు తప్ప కనిపించని ఆ పలక అడుగు భాగాన్ని వడ్రంగులు తమ ఇష్టారాజ్యం చేసుకున్నారు. పాదిరి వేషంలో బాతులకు ప్రసంగం చేసే నక్క, మొగుణ్ణి చితక్కొట్టే ఇల్లాలు, వింత మృగాలు. మన రథాల మీద, మండప స్తంభాల మీద శిల్పులు చూపిన చిలిపితనం గుర్తుకు వస్తుంది. ఇంగ్లండులో ఎక్సెటర్ కథెడ్రల్‌లో 13వ శతాబ్దపు మిజరికార్డులలో ఒకదాని మీద ఏనుగు ఉంది. చెక్కినవాడు ఏనుగును సరిగా చూసినట్టు లేదు. తొండం, దంతాలు ఉన్నాయి కానీ పాదాలు మాత్రం మరేదో పశువువి! మనవాళ్ళ పిల్లవాడెవరైనా చూస్తే వెంటనే తప్పు పడతాడు.

అదే ఎక్సెటర్‌లో 1287లో జరిగిన మత సభ తీర్మానం మన కథను మలుపు తిప్పింది. చర్చిలో ఒకే చోటు కోసం ఇద్దరు ముగ్గురు పోట్లాడుకుంటున్నారని, దానివల్ల ప్రార్థనకు అంతరాయం కలుగుతున్నదని బిషప్పు పీటర్ క్వివిల్ బాధపడ్డారు. ఇకమీదట ఎవరూ చర్చిలో ఒక చోటును తనదని అనరాదు, ముందు వచ్చినవారు తమకు నచ్చిన చోట కూర్చోవచ్చు అని ఆజ్ఞాపించారు. అంతవరకు బాగానే ఉంది. అయితే ఉన్నత వంశీకులకూ, చర్చి పోషకులకూ ఈ నియమం వర్తించదని పక్కనే చేర్చారు. తరువాతి అయిదారు వందల ఏళ్ళలో ఆ మినహాయింపే పెరిగి మహావృక్షమయింది. అప్పటికే కొన్ని చర్చిలలో వీపు ఆనించుకునే పొడవాటి బల్లలు వస్తున్నాయి. ఆంగ్లంలో వాటిని ప్యూ అంటారు. ఎత్తయిన వేదిక అని అర్థమిచ్చే లాటిన్ మాట పోడియం నుంచి వచ్చిందా పదం. మాట పుట్టుకలోనే ఎత్తు పల్లాలున్నాయి.

16వ శతాబ్దపు మత సంస్కరణోద్యమంతో బల్లలు చర్చి నిండా వ్యాపించాయి. కారణం ప్రసంగం. ప్రొటెస్టెంట్ ఆరాధనలో వాక్యోపదేశానికి ప్రథమ స్థానం వచ్చింది. గంటా రెండు గంటలు వినవలసిన జనం కూర్చోక తప్పదు. కూర్చున్న తరువాత, తమ చోటు తమకే ఉండాలనిపించడం మానవ సహజం. 17, 18 శతాబ్దాలలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పెట్టె బల్లలు వెలిశాయి. నలువైపులా నడుమెత్తు చెక్క గోడలు, ఒక తలుపు, కొన్నింటికి తాళం. చలిగాలి తగలకుండా అన్నది నిజమే. కానీ సంపన్నుల పెట్టెలలో మెత్తలు, తెరలు, అక్కడక్కడ నెగడు సైతం ఉండేవి. లోపల కుటుంబం ప్రార్థిస్తున్నదో కునుకు తీస్తున్నదో బయటివారికి తెలియదు. చిత్రకారుడు విలియం హోగార్త్ 1736లో నిద్రపోతున్న సంఘం మీద వేసిన వ్యంగ్య చిత్రం నాటి చర్చిలకు అద్దం పట్టింది.

అమెరికాలోని న్యూ ఇంగ్లండు గ్రామాలలోనైతే ఎవరు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించడానికి ప్రత్యేకంగా సంఘాలు వేసేవారు. వయసు, ఆస్తి, పదవి అన్నీ కొలిచి వరుస సంఖ్య ఇచ్చేవారు. ఈ సంఘాల తీర్పుల మీద వచ్చిన తగవులు ఊరి రికార్డులలో కోకొల్లలు. పదోన్నతుల జాబితా వెలువడిన మరునాడు మన కార్యాలయాలలో ఉండే వాతావరణం తలచుకుంటే ఆ గ్రామస్థుల బాధ మనకు తేలికగా బోధపడుతుంది. చేతుల్లేని కుర్చీ, చేతుల కుర్చీ, తువ్వాలు పరచిన తిరుగుడు కుర్చీ అని మనమూ లెక్క పెట్టుకున్నవాళ్ళమే కదా!

తరువాత బల్లలకు అద్దె వచ్చింది. 19వ శతాబ్దంలో అనేక చర్చిలకు అదే ప్రధాన ఆదాయం. న్యూయార్క్ పక్కనున్న బ్రూక్లిన్‌లోని ప్లిమత్ చర్చిలో ఏటా బల్లలను వేలం వేసేవారు. అక్కడి బోధకుడు హెన్రీ వార్డ్ బీచర్ ప్రసంగానికి అంత గిరాకీ. అద్దె చెల్లించలేనివారు వెనుక వరుసలోనో, నడవలోని బెంచీల మీదనో ఉండాలి. పారిశ్రామిక నగరాలలో పేద కార్మికులు చర్చికి దూరమవుతున్నారన్న ఆందోళనతో 1818లో బ్రిటిషు పార్లమెంటు కొత్త చర్చిల నిర్మాణానికి పది లక్షల పౌండ్లు మంజూరు చేసింది. వాటిలో కొన్ని ఆసనాలు ఉచితంగా ఉండాలని నియమం పెట్టింది. 1839లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ విద్యార్థులు స్థాపించిన కామ్డెన్ సొసైటీ మరింత ముందుకు వెళ్ళి, పెట్టె బల్లలను పూర్తిగా తొలగించాలని పట్టుబట్టింది. వారిలో ముఖ్యుడు జాన్ మేసన్ నీల్. క్రిస్మస్ గీతాలు తెలిసినవారికి ఆయన పేరు పరిచితమే. ప్యూలను ఎందుకు వదిలించుకోవాలో ఇరవై మూడు కారణాలతో ఒక కరపత్రం రాశాడు. ఒక బల్ల మీద అంత కోపమా అనిపిస్తుంది కానీ, ఆ కోపం బల్ల మీద కాదు, దాని తలుపు మీద.

డబ్బు కాక మరొక కొలమానం పెట్టిన చోట ఏం జరిగిందో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం చెబుతుంది. అక్కడి సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో నల్లజాతి విశ్వాసులు కొత్తగా కట్టిన మేడ వసారాలో మాత్రమే కూర్చోవాలని పెద్దలు నిర్ణయించారు. ఆ కట్టడానికి చందాలిచ్చి, చెమటోడ్చినవారిలో నల్లవారూ ఉన్నారు. ఒక ఆదివారం అబ్సలోం జోన్స్ మోకరించి ప్రార్థిస్తూ ఉండగా ఒక ధర్మకర్త వచ్చి భుజం పట్టి లేపబోయాడు, నీ చోటు ఇది కాదని. ప్రార్థన ముగిసే వరకు ఆగమని జోన్స్ వేడుకున్నాడు. ఆగలేదు. ప్రార్థన ముగియగానే నల్లవారందరూ ఒక్కుమ్మడిగా లేచి బయటికి నడిచారు. ఇది 1787 నాటి సంగతిగా వారి నాయకుడు రిచర్డ్ అలెన్ రాసుకున్నాడు. 1792 ప్రాంతంలో జరిగి ఉంటుందని నేటి చరిత్రకారులు కొందరు భావిస్తున్నారు. బానిసగా పుట్టి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న అలెన్ 1794లో బెతెల్ చర్చిని ప్రారంభించాడు. 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘం అవతరించింది. ఒక మహా సంస్థకు మూలం ఒక ఆసనపు తగాదా.

పరాయి దేశాల సంగతి చెప్పి మన ఇంటి సంగతి దాచడం న్యాయం కాదు. ఇక్కడ కొలమానం కులం. పుదుచ్చేరిలోని చర్చిలో అగ్రకుల క్రైస్తవులనూ పరయా క్రైస్తవులనూ వేరుచేస్తూ లోపల ఒక గోడ ఉండేది. 1745లో దానిని పడగొట్టించిన సందర్భంలో చెలరేగిన అలజడిని ఆనందరంగ పిళ్ళె తన దినచర్యలో నమోదు చేశాడు. ఫ్రెంచివారి దుబాసీ అయిన ఈ పిళ్ళె మనకు కొత్తవాడు కాడు. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమనే తెలుగు లక్షణ గ్రంథం రాసినది ఆయన పేరనే.

1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ దక్షిణాది చర్చిలకు కులభేదం తక్షణం విడనాడాలని లేఖ రాశాడు. ఒకేచోట కలిసి కూర్చోవడం అందులో ముఖ్యాంశం. దానికి తంజావూరు ప్రాంతంలో ఎందరో ఆగ్రహించి చర్చినే వదిలిపెట్టారు. తిరునల్వేలి జిల్లా వడక్కంకుళంలో 1872లో కట్టిన కథోలిక చర్చి అయితే చూడదగిన వింత. బలిపీఠం ఒక్కటే, దాని నుంచి రెండు శాలలు రెండు దిక్కులకు చీలిపోతాయి. పంట్లాము కాళ్ళలా ఉంటుందని పంట్లాము చర్చి అన్నారు. ఒక కాలు వెళ్ళాళులకు, ఒక కాలు నాడార్లకు. నడుమ అడ్డుగోడ. 1910లో ఫాదర్ కౌసానెల్ ఆ గోడను తీసివేయగా, గోడ తమ హక్కు అంటూ అగ్రకులస్థులు కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళిన ఆ వ్యాజ్యంలో వారు ఓడిపోయారు. దేవుని ముందు వేరుగా కూర్చునే హక్కు కోసం మనుషులు అంత దూరం పోరాడారంటే నమ్మబుద్ధి కాదు.

తుపాకీ పెట్టుకోవడానికి గంటు వేసిన బల్లలు కూడా మన దేశంలో ఉన్నాయి. 1857 మే 10, ఆదివారం సాయంత్రం, మీరట్‌లో ఆంగ్ల సైనికులు ఆరాధనకు సిద్ధమవుతున్న వేళ తిరుగుబాటు ప్రారంభమయింది. అటుపైన కంటోన్మెంట్లలో సైనికులు ఆయుధాలతోనే చర్చికి వెళ్ళడం రివాజయింది. ముంబాయిలో కొలాబాలోని ఆఫ్ఘన్ చర్చి బల్లలకు అటువంటి ఏర్పాటు ఉంది.

తెలుగు పల్లెలలో మాత్రం చర్చి నేలమీదనే పెరిగింది. చాప, జంపఖానా, కొన్నిచోట్ల ఒట్టి గచ్చు. డబ్బు లేకపోవడం ఒక కారణం. కింద కూర్చుని భజన చేయడం, హరికథ వినడం తరతరాల అలవాటు కావడం మరొక కారణం. మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వి.ఎస్.అజరయ్య దోర్నకల్‌లో కట్టించిన కథెడ్రల్ 1939లో ప్రతిష్ఠితమయింది. గుమ్మటాలు, మన గుళ్ళను తలపించే స్తంభాలతో అది ఈ నేల కట్టడంలాగే ఉంటుంది. సంఘంలో చేరినవారి మధ్య కులపు గీత చెరగాలని ఆయన జీవితాంతం పాటుపడ్డారు. చాపకు ఒక సుగుణం ఉంది. దానికి తలుపు పెట్టలేరు, తాళం వేయలేరు. అయితే చాపమీద కూడా ఎడం పాటించవచ్చునని మన పల్లెలు తెలిసినవారికి నేను చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసం రాసే ముందు మా సహోద్యోగిని మళ్ళీ కదిపాను. ఇప్పుడు వారి ఊరి చర్చిలోనే కుర్చీల చర్చ నడుస్తున్నదట. పట్నంలో ఉద్యోగాలు చేస్తున్న కుర్రవాళ్ళు చందాలు వేసుకుని నాలుగు డజన్ల కుర్చీలు కొంటామంటున్నారు. మోకాళ్ళ నొప్పులవారు సంతోషించారు. కుర్చీలు వేస్తే సగం మంది బయట నిలబడాలి, పండుగ నాడు ఎవరిని లోపల కూర్చోబెడతారు, ఎవరిని వరండాలో ఉంచుతారు అని పెద్దవాళ్ళు అడ్డు తగిలారు. ముందు వరుస ఎవరిదన్న ప్రశ్న వచ్చేసరికి ఆ రోజు సమావేశం అర్ధాంతరంగా ముగిసింది. పాస్టరుగారు నిర్ణయాన్ని కోతలయ్యేవరకు వాయిదా వేశారు.

"మరి మీ అమ్మగారు ఏమంటున్నారు?" అని అడిగాను.

ఈ మధ్య ఆమెకు కింద కూర్చుంటే లేవడం కష్టంగా ఉందట. కుర్చీ తెస్తామంటే వద్దన్నది. జానెడు ఎత్తు పీట ఒకటి ఉంటే చాలు, చాపమీద అందరి మధ్యనే వేసుకుంటానన్నది. ఊళ్ళో వడ్రంగి వేప చెక్కతో చేసి ఇచ్చాడు. ఆదివారం మనవడు దానిని చంకన పెట్టుకుని ఆమె వెంట నడుస్తాడట.